నాకొక్కడికే తెలిసిన హబ్బు

సైకిల్ షెడ్డు నుంచి
ఫిబ్రవరి 3

బావకి,

నేను బాగానే ఉన్నాను. మీరిద్దరూ ఎలా ఉన్నారో అక్క కిందటి ఉత్తరంలో రాసింది కాబట్టి మళ్ళీ అడిగి కాగితం పాడు చేయను. ఫోనులో మాట్లాడొచ్చు కదా అంటావేమో. నేను అరిచినా నీకు వినపడదు, పక్క గదిలో సూపరింటెండెంటు గారికి వినపడుతుంది. నేను చెప్పబోయేది ఆయన వినాల్సిన సంగతి కాదు.

నా చేతి కింద ఇరవై ఎనిమిది సైకిళ్ళు ఉన్నాయని నీకు తెలుసు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునేవాళ్ళ సైకిళ్ళు. అన్నీ ఒకే కంపెనీవి. నేను ఉద్యోగంలో చేరకముందే ఆ కంపెనీ మూతపడింది. వాటి వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బులో, ఇరుసుకి రెండు కొసలా ఒక్కో కోను ఉంటుంది. గోళీలు దాని మీదే దొర్లుతాయి, కాబట్టి అరిగేది అదే. బజారులో దొరికే కోను ఏదీ ఈ ఇరుసు మీదికి ఎక్కదు. మర వేరు, అంటే స్క్రూలా తిరిగే గాడి కొలతే వేరు. ఎందుకు వేరుగా పెట్టారో చేసినవాళ్ళకే తెలియాలి, వాళ్ళు లేరు.

నేను చేరిన రోజున పాత కోనులు ఒక డబ్బా నిండా ఉండేవి. పందొమ్మిదేళ్ళు పొదుపుగా వాడాను. ఇప్పుడు నాలుగున్నాయి. అవి అయిపోతే సైకిళ్ళు ఒక్కొక్కటే మూలపడతాయి. సైకిళ్ళు లేకపోతే షెడ్డు ఎందుకు, షెడ్డు లేకపోతే దాని వెనక గదిలో నువ్వెందుకు అని సూపరింటెండెంటు గారు ఇంకా అడగలేదు. ఆయన నిదానస్తుడు. అడగడానికి ఇంకో ఆరు నెలలు పట్టొచ్చు.

మీ ముందు గదిలో ఉన్న నీ లేత్ మిషన్ మీద ఇలాంటి కోనులు అరవై చేసి పెట్టాలి. అచ్చం ఇలాగే, వెంట్రుకవాసి తేడా రాకుండా. నమూనాకి అరిగిపోయిన పాతది ఒకటి పంపుతున్నాను. ఈ సంగతి మన మధ్యనే ఉండనీ.

నీ బావమరిది


ఇంటి ముందు గది నుంచి
ఫిబ్రవరి 19

బావమరిదికి,

నీ కోను చేరింది. అరవై కావాలన్న మాట కూడా దాంతోపాటే చేరింది. అడగడంలో మీ ఇంట్లో ఎవరికీ మొహమాటం లేదని నాకు పెళ్ళైన వారానికే తెలుసు.

మూడు చేశాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను, గట్టిగా ఉంటాయి. వేసి చూసి రాయి. బాగుంటే మిగతావి చూద్దాం. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఇంతకన్నా వంకర పనులే చేశాను, ఇదో లెక్కా.

నువ్వు సన్నబడ్డావా, లావయ్యావా అని మీ అక్క అడుగుతోంది. ఏ జవాబు రాసినా తిడుతుంది, ఆలోచించుకుని రాయి. ఉత్తరం పొట్టిగా ఉందనుకోకు. ఈ మధ్య రాయడం తగ్గించాను.

నీ బావ


సైకిల్ షెడ్డు నుంచి
మార్చి 2

బావకి,

కోనులు చేరాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి, బల్ల మీద పెట్టుకుని కాసేపు చూశాను. ఆ తర్వాత వేసి చూశాను. అక్కడితో ముచ్చట అయిపోయింది.

మొదటిది మూడు మరలు ఎక్కి ఆగిపోయింది. రెండోది అసలు మొదలే పెట్టలేదు. మూడోది ఎక్కింది గానీ పక్కకి ఒరిగి కూర్చుంది, చక్రం తిప్పితే తాగినవాడిలా తూలుతోంది. ఇన్నేళ్ళలో నీ చేతి పనిలో నేను తప్పు పట్టలేదు. పట్టాలని వెతికిన రోజులు కూడా ఉన్నాయి, నువ్వు నా బావవి కాబట్టి. దొరకలేదు. అలాంటిది ఒకేసారి మూడు. ఉక్కు తేడానా? లేక అరవై అడిగానని కోపమా?

ఎత్తు వీధుల్లో మీటర్లు చూసే ఒకావిడ ఉంది. ఆవిడ వెనక చక్రం కిందటి వారం పట్టేసింది. నా దగ్గర కోనులు లేవని చెప్పాను. ఆవిడ వారం నుంచి నడిచే తిరుగుతోంది. రోజూ పొద్దున్నే షెడ్డులో తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతుంది. ఏదైనా అంటే బాగుండును.

త్వరగా చూడు. సన్నబడలేదు, లావవలేదు అని అక్కకి చెప్పు.

నీ బావమరిది


ఇంటి ముందు గది నుంచి
మార్చి 15

బావమరిదికి,

కోపం కాదు. ఉక్కు తేడా. పైగా ఆ మర కోయడానికి కావాల్సిన గేరు నా లేత్‌కి లేదు. ఉన్నదాంతో సర్దాను, సర్దితే ఇలాగే అవుతుంది.

కోనుల మాట ఇక వదిలెయ్. మూతపడ్డ కంపెనీ కోనుని నేనెందుకు చేయాలి? అరవై చేస్తాను, అరిగిపోతాయి. మళ్ళీ అరవై చేస్తాను. ఆ తర్వాత నేను పోతాను. అప్పుడెవరు చేస్తారు?

కోనుని మార్చొద్దు, హబ్బునే మారుద్దాం. లోపల గోళీలు కూర్చునే పాత కప్పులు పీకేసి, ఆ గూడుని లేత్ మీద కాస్త వెడల్పు చేస్తాను. అందులో మోటార్లకి వేసే మామూలు బేరింగు దిగ్గొడదాం. ఇరుసు ఏ సైకిల్ కొట్లోనైనా దొరికే పది మిల్లీమీటర్లది. లేత్ పని ఒక్కసారే. ఆ తర్వాత ఏది అరిగినా వీధి చివర కొనుక్కుని ఎవరైనా వేసుకోవచ్చు. నువ్వు కూడా అక్కర్లేదు.

ఒక హబ్బు, స్పోకులు విప్పేసి, ఉత్తది పంపు.

నీ బావ


సైకిల్ షెడ్డు నుంచి
మార్చి 24

బావకి,

నీ ఆలోచన చాలా గొప్పగా ఉంది. కాకపోతే కుదరదు.

గూడు వెడల్పు చేస్తే హబ్బు గోడ పల్చబడుతుంది. పల్చబడితే ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. పగలదనుకుందాం. బజారు ఇరుసు వేస్తే చక్రం ఒక పక్కకి జరుగుతుంది, చెయిన్ ఎక్కే ఫ్రీవీలు వెళ్ళి ఫ్రేముకి రాసుకుంటుంది. రాసుకోకుండా జరిపామనుకుందాం, అప్పుడు రిమ్ము నడిమధ్యలో ఉండదు. ఇవన్నీ అయ్యాయనే అనుకుందాం, ఇది ఆఫీసు ఆస్తి. ఆఫీసు ఆస్తిని కోయాలంటే సూపరింటెండెంటు గారి సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టేముందు కళ్ళజోడు వెతుక్కుంటారు. అది ఇంతవరకూ దొరికిన దాఖలా లేదు.

అన్నిటికీ మించి, మీటర్లు చూసేవాళ్ళకి ఈ హబ్బు చప్పుడు అలవాటైపోయింది. అది లేకపోతే వాళ్ళకి ఏదోలా ఉంటుంది.

గేరు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకో. కోనులే చెయ్యి. ఎన్నాళ్ళైనా ఆగుతాను.

నీ బావమరిది


ఇంటి ముందు గది నుంచి
ఏప్రిల్ 6

బావమరిదికి,

నీ హబ్బు గోడ ఎంత మందమో నాకు తెలుసు. ఆ కాలంలో ఇనుము దగ్గర పిసినారితనం చేసేవాళ్ళు కాదు. పగలదు. ఫ్రీవీలు ఫ్రేముకి రాసుకుంటుందంటావు. చెయిన్ ఉన్న పక్క ఇరుసు మీద ఒక మందపాటి వాషర్ వేస్తే చక్రం అవతలికి జరుగుతుంది, రాసుకోదు. రిమ్ము మధ్యలోకి రావాలంటే ఒక పక్క స్పోకులు బిగించి రెండో పక్కవి వదులు చేయాలి. పందొమ్మిదేళ్ళుగా రిమ్ముల బెండు తీస్తున్నవాడివి, ఇది నేను చెప్పాలా? సంతకం సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన కళ్ళజోడు నువ్వే వెతికి పెట్టు. నుదుటి మీద ఉంటుంది, చూడు.

చప్పుడు అలవాటైపోయిందన్న ముక్క మీ అక్క కూడా చదివింది. నీకు పెళ్ళెందుకు కాలేదో ఇన్నాళ్ళకి అర్థమైందంది.

నువ్వు చెప్పినవాటిలో ఒక్కటీ కారణం కాదు. అసలు కారణం ఇంకేదో ఉంది, అది నువ్వు రాయలేదు. రాసినా రాయకపోయినా హబ్బు పంపు.

నీ బావ


సైకిల్ షెడ్డు నుంచి
ఏప్రిల్ 17

బావకి,

హబ్బు పంపుతున్నాను. ఇరవై ఎనిమిదింటిలో అన్నిటికన్నా మంచిది ఏరి పంపుతున్నాను. కుదరకపోతే బాధపడకు. నువ్వు ప్రయత్నం చేశావు, అంతే చాలు. వెంటనే కోనులు మొదలుపెడదాం.

నీ బావమరిది


ఇంటి ముందు గది నుంచి
మే 11

బావమరిదికి,

ఇది మీ అక్క చేతిరాత. నేను చెబుతుంటే రాస్తోంది. నా చేతులకి గ్రీజు అయింది.

ఇంత దరిద్రపు హబ్బుని నేను చూడలేదు. లోపల కప్పు ఎన్నేళ్ళ నుంచో వదులై గిరగిరా తిరిగి, గూడుని కోడిగుడ్డు ఆకారానికి తినేసింది. నువ్వు ఏరి పంపిన మంచిది ఇదే అయితే మిగతా ఇరవై ఏడింటి గురించి ఆలోచించకపోవడమే ఆరోగ్యం.

అయితే ఒక మేలు జరిగింది. కోడిగుడ్డుని మళ్ళీ గుండ్రంగా చేయాలంటే గూడుని ముప్ఫై రెండు మిల్లీమీటర్ల దాకా కోయాల్సి వచ్చింది. ఆ కొలతకి బేరింగు ఉంది, ఏ మోటారు కొట్లో అడిగినా ఇస్తారు. దాని కన్నం ఇరుసుకి పెద్దది కాబట్టి మధ్యలో ఇమిడేలా బుష్, అంటే ఒక చిన్న గొట్టం ముక్క, లేత్ మీద చేసి పెట్టాం. ఇరుసు దూర్చి చూశాం. కదలదు, అరవదు, మెత్తగా తిరుగుతోంది.

నువ్వు నిజంగానే మంచి హబ్బు పంపి ఉంటే నేను ఇంకాస్త చిన్న బేరింగు పెట్టి ఊరుకునేవాణ్ణి. నీ షెడ్డులో అరిగినవాటికి అది వదులైపోయేది, సగం పని బూడిదలో పోసినట్టు అయ్యేది. అన్నిటికన్నా చెడ్డదానికి కుదిరిన కొలత అన్నిటికీ కుదిరి తీరుతుంది. పని తెలిసినవాడెవడైనా ముందు నమూనాకి చెడ్డదే అడగాలి. నాకు తోచలేదు, నీకు తోచింది.

కుదరకూడదని పంపావో, కుదరాలని పంపావో నువ్వే రాయి. మార్చిన హబ్బు, బేరింగుల జత, ఇరుసు, బుష్, వాషర్ అన్నీ కలిపి పార్సెల్లో వస్తున్నాయి.

నీ బావ

ఒరేయ్, "దరిద్రపు" అన్నచోట బావ ఇంకో మాట అన్నాడు, నేను మార్చాను. — అక్క


సైకిల్ షెడ్డు నుంచి
మే 23

బావకి,

కుదరకూడదనే పంపాను.

హబ్బుని చక్రానికి బిగించి ఎత్తు వీధుల ఆవిడ సైకిల్‌కి వేశాను. ఆవిడ నాలుగు రోజులుగా తొక్కుతోంది. కొండలాంటి ఆ వీధులన్నీ ఎక్కి దిగి వచ్చి, "ఇన్నాళ్ళూ నేను తొక్కింది సైకిలేనా అనిపిస్తోందండీ," అంది. నేను సంతోషించాల్సింది. గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

అసలు కారణం రాయమన్నావు కదా, రాస్తున్నాను. ఈ హబ్బు నాకు తప్ప ఎవరికీ అర్థం కాదని పందొమ్మిదేళ్ళుగా ఆఫీసులో చెప్పుకుంటూ వచ్చాను. మొదట్లో అది కొంత నిజం. తర్వాత నిజం తగ్గిపోయింది, చెప్పడం తగ్గలేదు. ఆ కోను విప్పడానికి పలచటి పానా ఒకటి కావాలి, ఆఫీసులో అది ఒక్కటే ఉంది. నేను సెలవు మీద ఎక్కడికి వెళ్ళినా అది నాతో వచ్చేది. మీ ఇంటికి వచ్చినప్పుడు నా సంచిలో గలగలమంటున్నదేమిటని నువ్వు అడగలేదు, నీకు వినపడదు కాబట్టి. అక్క అడిగింది. గోళ్ళు కత్తిరించుకునేదన్నాను. నేను లేని రోజుల్లో బళ్ళు ఆగిపోయేవి, వచ్చాక నేను గంటలో బాగుచేసేవాణ్ణి. సూపరింటెండెంటు గారు నలుగురిలో నా భుజం తట్టేవారు. అలా తట్టించుకోవడం కోసం నేనేం చేశానో నాకు తెలుసు.

ఇంకొకటి. ఎత్తు వీధుల ఆవిడకి కోనులు లేవన్న రోజున నా సొరుగులో నాలుగున్నాయి. ఆఖరివి అని దాచుకున్నాను. ఆవిడని నెలల తరబడి నడిపించాను.

నాకు యాభై రెండేళ్ళు. రోడ్డు మీద రిపేర్లు చేసుకునేవాళ్ళకి పది రకాల హబ్బులు తెలుసు. నాకు ఇదొక్కటే తెలుసు. బజారు సామాను వేసి దీన్ని అందరి హబ్బూ చేసేస్తే, ఇక నాకు తెలిసింది ఏమిటి? ఉద్యోగం పోతుంది, దాంతో గదీ పోతుంది. కోనులు దొరక్కపోయినా పోతుంది, నిజమే. నీ చేత రహస్యంగా కోనులు చేయించుకుని రిటైరయ్యే దాకా లాగుదామనుకున్నాను. భయంతో చేశాను బావా. నన్ను ఏమన్నా అను.

మిగతా ఇరవై ఏడూ పంపమంటావా?

నీ బావమరిది


ఇంటి వెనక వసారా నుంచి
జూన్ 1

తమ్ముడికి,

ఇది నా ఉత్తరం, బావ చెప్పింది కాదు. ఆయన భోజనం చేసి పడుకున్నాడు.

నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆయనకి వినపడాలంటే ఎంత గొంతు చేయాలో నీకు తెలుసు కదా. కాబట్టి నీ రహస్యం మా వీధిలో అటు నాలుగిళ్ళకీ ఇటు నాలుగిళ్ళకీ తెలుసు. గోళ్ళు కత్తిరించుకునేదట. పక్కింటావిడ ఇంకా నవ్వుతోంది.

ఇప్పుడు మా సంగతి విను. బావకి కళ్ళు పోతున్నాయి. నిరుటి నుంచే. చూపులో నడిమధ్య మచ్చ ఉందన్నాడు డాక్టరు, అది పెరిగేదే గానీ తరిగేది కాదట. సూటిగా చూస్తే ఏమీ కనపడదు, పక్కకి తిరిగితే అంచుల్లోంచి కాస్త కనపడుతుంది. నా మొహం చూడాలంటే గోడ వైపు తిరుగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నా మాటలకి గోడ వైపు తిరగడం ఆయనకి అలవాటే కాబట్టి మొదట్లో నేనూ గమనించలేదు.

నీ మూడు కోనులు ఎందుకు చెడ్డాయో అర్థమైందా? ఉక్కు తేడా కాదు, గేరు తేడా కాదు. ఆ మర ఆయనకి కనపడలేదు. కోనులు ఎక్కలేదన్న నీ ఉత్తరం చదివి వినిపించిన రోజు ఆయన అన్నం మానేశాడు. ఆ మర్నాడు పొద్దున్నే హబ్బుని మార్చే ఉపాయం చెప్పాడు. మర కోయాలంటే కన్ను కావాలట, గూడు కోసి బేరింగు కూర్చోబెట్టడానికి బొటనవేలు చాలట.

ఆ బొటనవేలు ఆయనది. కోసింది నేను. నీ కోడిగుడ్డుని గుండ్రం చేసింది నేనేరా. ఇన్నేళ్ళు కుట్టుమిషన్ మీద కూర్చున్నదాన్ని, కొలత తప్పితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన పక్కన నిలబడి వేలితో తడిమి "ఇంకొక్క వెంట్రుక" అంటాడు, నేను ఒక్క వెంట్రుక తీస్తాను. మొదటిరోజు లేత్ దగ్గరికి వెళ్ళాలంటేనే భయమేసింది. ఇప్పుడు లేత్ ఆపి వంటింట్లోకి వెళ్ళాలంటేనే విసుగ్గా ఉంది.

నువ్వు చేసింది తప్పే. ఆ ఆవిడని నడిపించావు చూడు, దానికి ఇక్కడుంటే ఒక్కటిచ్చేదాన్ని. కానీ నీకు భయమేసిందన్నది నాకు అర్థమైంది. నువ్వు హబ్బులు పంపినా పంపకపోయినా నా తమ్ముడివే. పంపితే మాత్రం ఆయన పొద్దున్నే లేచి, పనికి వెళ్ళేవాడిలా షర్టు వేసుకుంటాడు.

కళ్ళ సంగతి నేను చెప్పానని ఆయనకి తెలియనివ్వకు. నీ జవాబు చదివేది కూడా నేనే అనుకో.

అక్క


సైకిల్ షెడ్డు నుంచి
ఆగస్టు 28

బావకీ, అక్కకీ,

ఆఖరి విడత తొమ్మిది హబ్బులూ చేరి పది రోజులైంది. మొత్తం ఇరవై ఎనిమిది చక్రాలూ మళ్ళీ అల్లాను. ఒక్కోదానికి ముప్ఫై ఆరు స్పోకులు, వేళ్ళు పాడైపోయాయి. ఒక్క గూడు కూడా తేడా రాలేదు. కోయడానికి సంతకం సూపరింటెండెంటు గారు జూన్‌లోనే కళ్ళజోడు లేకుండా, చదవకుండా పెట్టేశారు.

ఇక నిన్న జరిగింది చెబుతాను. పని అంతా అయ్యాక సూపరింటెండెంటు గారి దగ్గరికి నేనే వెళ్ళి, ఇప్పుడు ఈ హబ్బుల్లో బజారు సామానే ఉందనీ, ఎవరైనా బాగుచేయొచ్చనీ చెప్పాను. ఆయన ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఈ హబ్బు నీకు తప్ప ఎవరికీ కొరుకుడు పడదని పందొమ్మిదేళ్ళుగా చెప్తున్నావు. ఇప్పుడేమో ఎవరైనా చేయొచ్చంటున్నావు. ఏది నిజమయ్యా?"

"రెండూ నిజమేనండి. తేదీలు వేరు."

ఆయన నా మాట నమ్మలేదు. వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే అతన్ని పిలిపించారు. అందరూ ఆవరణలో చేరారు, ఎత్తు వీధుల ఆవిడతో సహా. ఆవిడ సైకిల్‌నే బోర్లించి పెట్టి, వెనక చక్రం విప్పి బేరింగులు మార్చి మళ్ళీ బిగించమన్నారు. నన్ను పక్కన నిలబడి నోరు మూసుకోమన్నారు.

అతను నిమిషాల్లో విప్పాడు. పాత బేరింగులు కొట్టి తీశాడు, కొత్తవి దిగ్గొట్టాడు. చేయి తిరిగినవాడు. బిగించి తిప్పాడు. గర్రుమంది. ఫ్రీవీలు ఫ్రేముకి రాసుకుంటోంది. వాషర్‌ని చెయిన్ లేని అటు పక్క పెట్టేశాడు. విప్పి మళ్ళీ బిగించాడు, మళ్ళీ అటు పక్కే పెట్టాడు. మూడోసారీ అంతే. తల గోక్కుని, "ఇది మామూలు హబ్బులా లేదండీ," అన్నాడు.

సూపరింటెండెంటు గారి మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా! మన మనిషి మనకి ఉండాల్సిందే. ఇతని పోస్టు ఇలాగే ఉంచమని ఇవాళే పైకి రాసేస్తా," అన్నారు. నా భుజం కూడా తట్టారు.

నేను చేయాల్సిందల్లా ఊరికే నిలబడటం. పందొమ్మిదేళ్ళుగా నాకు బాగా వచ్చిన పని అదే. పోస్టు, గది, రిటైరయ్యే దాకా అన్నీ అక్కడే ఉన్నాయి, నా భుజం మీద ఆయన చేతిలో. కానీ ఆ గర్రు నాకు పళ్ళ దాకా వస్తోంది. బావ ఆలోచన, అక్క చేతులు, మూడు నెలల పని, అది పనికిరాదని పదిమందీ తలలూపుతున్నారు. ఎత్తు వీధుల ఆవిడ చక్రాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది.

"ఆ వాషర్ అటు కాదయ్యా, చెయిన్ పక్కకి వెయ్యి," అన్నాను.

వేశాడు. చక్రం తిరిగింది. ఎంతసేపు తిరిగిందంటే, అందరూ దాన్ని చూస్తూ ఉండి విసుగొచ్చి ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ సైకిల్ నిలబెట్టుకుని, ఎక్కి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు, చక్రం బాగానే ఉంది.

సాయంత్రం కాగితం ఇచ్చారు. సంస్థకి ఇకపై నా అవసరం లేకుండా చేసినందుకు అభినందిస్తున్నారు. అభినందన అన్న మాట రెండుసార్లు ఉంది. అక్టోబరు ఆఖరు దాకా గదిలో ఉండొచ్చు. ఏ వాషర్ ఎటు పక్క వేయాలో ఒక అట్ట మీద రాసి షెడ్డు గోడకి తగిలించమన్నారు, తగిలించాను.

ఆ తర్వాత ఏడ్చాను. సైకిళ్ళన్నీ బయట తిరుగుతున్నాయి కాబట్టి షెడ్డులో ఎవరూ లేరు. తప్పు చేశానా అని అడగడం లేదు. ఎందుకు చేశానో నాకే సరిగా తెలియడం లేదు, అందుకే మీకు రాస్తున్నాను.

మీ తమ్ముడు, బావమరిది


ఇంటి ముందు గది నుంచి
సెప్టెంబరు 9

బావమరిదికి,

ఇది నేనే రాస్తున్నాను. పక్కకి చూస్తూ రాయాలి కాబట్టి వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, సర్దుకో. ఎందుకు పక్కకి చూస్తున్నానో నీకు తెలుసట. మీ అక్క నిన్న చెప్పింది, నీకు చెప్పేశానని. ఈ ఇంట్లో ఏ రహస్యమూ మూడు నెలలకి మించి నిలవదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి మీ అక్క గొంతు పోయింది. నిజం చెబుతున్నాను, ఆ ఆవరణలో నేనుంటే ఆ వాషర్ మాట చెప్పేవాణ్ణి కాదు.

ఫ్యాక్టరీలో చేత్తో మర కోసే పని ఏదొచ్చినా నాకే ఇచ్చేవాళ్ళు. ఆఖరి కోతకి ముందు పనిముట్టుని నేను ఒక పద్ధతిలో వెనక్కి లాగి మళ్ళీ పెట్టేవాణ్ణి. మర అద్దంలా వచ్చేది. పక్క లేత్‌ల వాళ్ళు మెడలు సాచి చూసేవాళ్ళు. చూడకుండా వీపు అడ్డం పెట్టేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు అలాగే పెట్టాను. ఆ అడ్డం పెట్టడం నాకు మహా గర్వంగా ఉండేది. నువ్వు పానా సంచిలో వేసుకున్నావు, నేను వీపు అడ్డం పెట్టాను. తిట్టమన్నావు గానీ, ఏ మొహంతో తిట్టను?

నిరుడు డాక్టరు మచ్చ అన్న రోజున ఫ్యాక్టరీకి వెళ్ళాను. రండి, ఆ పద్ధతి చూపిస్తానన్నాను. లేత్‌లు తీసేశారట. అవన్నీ ఇప్పుడు కొత్త మిషన్లు చేసుకుంటాయి పెద్దాయనా అని, కుర్చీ వేసి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి పంపించారు. దారంతా నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళు అందరూ అడిగారు, నేను చెప్పలేదు. నేను చెబుతానన్న రోజున అడిగేవాడు లేడు.

నిన్ను అడిగేవాళ్ళు ఇంకా ఉండగానే నువ్వు చెప్పావు. ఎందుకు చేశావో తెలియడం లేదన్నావు, నాకు తెలిసింది ఇంతే.

ఆ పద్ధతి మీ అక్కకి చూపించాను. నాలుగు రోజుల్లో పట్టేసింది. నాకు నాలుగేళ్ళు పట్టిందని ఆమెకి చెప్పలేదు. ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ చూపించేలోపు ఈ అంచుల్లో కనపడేది కూడా పోతుంది. ఒక్కరికి చెబితే చాలదు.

అక్టోబరు దాకా ఆగకు. నువ్వొచ్చి లేత్‌కి ఎడమ పక్కన నిలబడు. నేను అడ్డం ఉండను.

నీ బావ